పిస్టన్లకు పెట్టిన బొట్లు

మా కారు ఇంజను విప్పినప్పుడు, నాలుగు పిస్టన్లకు మేస్త్రీ పెట్టిన గుర్తుల్ని నా చేతులతో నేనే తుడిచేశాను. పొరపాటున చెయ్యి తగిలి చెరిగిపోయాయని చెప్పుకోవడానికి కూడా లేదు. కిరసనాయిలుకు పోకపోతే, పక్కింటికి రంగులు వేస్తున్నవాళ్ల దగ్గరికి వెళ్లి, కొబ్బరిచిప్పలో థిన్నర్ అడిగి తెచ్చుకుని మరీ తుడిచాను. ముప్పై ఏళ్లుగా పిల్లల నోటుపుస్తకాల్లో తప్పులు దిద్దుతున్న తెలుగు పంతుల్ని. ఒప్పును దిద్దడం మాత్రం అదే మొదలు.

మాది చిత్తూరు. కారు కొన్నప్పుడే పాతది, నా చేతికి వచ్చాక ఇంకా పాతబడింది. పోయిన ఏడాది వానలు పడే రోజుల్లో పొగ వదలడం మొదలుపెట్టింది. నీలిపొగ. ఇంజను ఆయిలు తాగి వదిలే పొగ. నేను బడికి బయలుదేరితే మా వీధిలోవాళ్లు కిటికీలు మూసుకునేవాళ్లు.

దసరా ముందు ఆదివారం మా షడ్డకుడు, అంటే మా ఆవిడ అక్క మొగుడు, కుటుంబంతో సహా భోజనానికి వచ్చాడు. తన కొత్త కారు దిగి, మా కారు చుట్టూ భక్తిగా ఒక ప్రదక్షిణం చేశాడు.

“ఏమప్పా, దోమల పొగ కొట్టేదానికి మునిసిపాలిటీవోళ్లు నీ బండిని బాడిగకు అడగలేదా ఇంగా?”

అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది, అదే కొంచెం ఎక్కువగా గుచ్చుకుంది. నవ్వి ఊరుకోక తీర్పు కూడా చెప్పింది.

“వచ్చే నెల పలమనేరులో మా చిన్నాయన గృహప్రవేశం ఉండాది. మొగిలి ఘాటు ఎక్కి ఆడికి పోయిందా, బండి ఉంటాది. నడిమిట్లో నిలిచిపోయిందా, పాతినుము అంగడికి ఇచ్చేద్దాం. సరేనా?”

“సరే” అన్నాను. ఇంకేమనగలను?

“నేనూ ఈ బండిలోనే వస్తా. తోసేదానికి ఒక మనిషి కావల్ల కదా!” అన్నాడు షడ్డకుడు.

మర్నాడే బండిని షెడ్డుకు చేర్చాను. మేస్త్రీ ఇంజను విప్పి, పిస్టన్లు బయటికి తీసి, కొలతలు చూసి, తల ఊపాడు.

“పిస్టన్లకు ఏం కాలేదు అయ్యోరా. వాటి చుట్టూ ఉండే రింగులు పోయినాయి, మసి పట్టుకోనుండాది. కడిగి మళ్లా వాడుకోవచ్చు.”

వాడుకోక దారి కూడా లేదు. మా ఇంజనుకు సరిపోయే కొత్త పిస్టన్లు రావడం ఎప్పుడో ఆగిపోయిందని తిరుపతిలో నాలుగు అంగళ్లవాళ్లు చెప్పారు. ఒక అంగట్లో రింగులు మాత్రం దొరికాయి. కాబట్టి ఉన్న నాలుగూ చెడితే బండి కథ ముగిసినట్టే.

ఆయుధపూజ అయిన మూడోరోజు రింగులు తీసుకుని షెడ్డుకు వెళ్లాను. మేస్త్రీకి పని ఎక్కువగా ఉంది. నేను పెద్దమనసు చేసుకుని “కడిగే పని నాకు వదిలెయ్ మేస్త్రీ, ఇంట్లో కడుక్కొస్తా” అన్నాను. ఆయన నా వైపు ఒకసారి, పిస్టన్ల వైపు ఒకసారి చూసి జాగ్రత్తలు చెప్పాడు. ఇనప బ్రష్షు తగలకూడదు. ఉప్పుకాగితం పెట్టకూడదు. సోడా అసలే వద్దు, అల్యూమినియాన్ని తినేస్తుంది. కిరసనాయిల్లో నానబెట్టి వెదురుపుల్లతో గీకాలి. రింగు కూర్చునే గాడిలో మసి పోవాలంటే విరిగిన పాత రింగు ముక్క పెట్టి లాగాలి. ఆయన చెప్పనిది ఒక్కటే. అది ఎవరికైనా చెప్పాల్సిన సంగతి అని ఆయనకు తోచలేదు.

ఆ రోజు షెడ్డు ఎలా ఉందో చెప్పాలి, నా తరఫున నాకున్న వాదన అంతా అదే. గుమ్మంలో పగిలిన గుమ్మడికాయ. స్పానర్లకు బొట్టు, జాకీకి బొట్టు, గాలికొట్టే మిషనుకు బొట్టు, చివరికి టీ ఫ్లాస్కుకు కూడా బొట్టు. అన్నిటికీ బొట్లున్నచోట పిస్టన్ల లోపలివైపు ఎర్రచుక్కలు కనిపిస్తే నేనేమనుకోవాలి? ఒకదానికి ఒక చుక్క, ఇంకొకదానికి రెండు, మరొకదానికి మూడు, చివరిదానికి నాలుగు. మేస్త్రీకి పోనుపోను భక్తి పెరిగిందనుకున్నాను. కుంకుమ కిరసనాయిలుకు లొంగనప్పుడైనా అనుమానం రావాలి. నాకు వచ్చింది అనుమానం కాదు, పట్టుదల.

పెరట్లో చాకిరేవు బండమీద కూర్చుని అయిదు సాయంత్రాలు తోమాను. ఒక పిస్టను నెత్తిన మసి మాడిన బెల్లంపాకంలా పట్టుకుని ఉంది. దానికే రెండు సాయంత్రాలు పట్టింది. ఇంకొకదాని పక్కన పైనుంచి కిందిదాకా వెంట్రుకంత గీత. మిగతా రెండూ మర్యాదస్తులు, చెప్పినట్టు విన్నాయి. మా ఆవిడ మధ్యలో వచ్చి చూసి, “మనింటి చెంబుకు ఎన్నడన్నా ఇంత మర్యాద చేసినారా?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా లోపలికి పోయింది.

ఆరో రోజు నాలుగింటినీ గుడ్డలో చుట్టుకుని, బాలింత చేతిలోంచి బిడ్డను అందుకున్నవాడిలా, షెడ్డుకు తీసుకెళ్లాను. మేస్త్రీ ఒకదాన్ని తీసి లోపలికి చూశాడు. రెండోదాన్ని చూశాడు. మిగిలిన రెండూ గబగబా చూశాడు.

“అయ్యోరా, చుక్కలు యాడబోయినాయి?”

“ఏం చుక్కలు?”

“ఎర్రరంగుతో పెట్టింటి కదా లోపల. ఒకటో నంబరుకు ఒకటి, రెండో నంబరుకు రెండు.”

“అది పూజకు పెట్టిన కుంకుమ కాదా?”

మేస్త్రీ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. “కుంకుమ అయితే నీళ్లకు పోదా సామీ?”

“నీళ్లకేంటి, కిరసనాయిలుకే పోలేదు. థిన్నర్ పెడితే గానీ పోలేదు” అన్నాను. అనకుండా ఉండాల్సింది. ట్రాక్టరు బాగుచేయించుకోవడానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, తాగుతున్న టీ ముక్కులోంచి వచ్చేలా నవ్వాడు.

మేస్త్రీ నవ్వలేదు. ఏ సిలిండరులో ఏళ్లతరబడి తిరిగిన పిస్టను ఆ సిలిండరుకు తగినట్టు అరుగుతుందట. తెచ్చి ఇంకోదాంట్లో పెడితే శబ్దం వస్తుంది, మళ్లీ ఆయిలు తాగుతుంది, మళ్లీ పొగ. కొత్తవి దొరకవు. గృహప్రవేశానికి పది రోజులు. చుక్కలు తుడిచిన పాపానికి నాకు పట్టపగలే చుక్కలు కనిపించాయి.

నలుగురు ఇల్లరికపు అల్లుళ్లు ఎవరి అత్తగారిల్లు ఏదో మరిచిపోయి వీధిలో నిలబడ్డట్టుంది వ్యవహారం. మేస్త్రీ టార్చిలైటు తీసుకుని ఒక్కొక్క సిలిండరు లోపలికి వంగి చూడసాగాడు.

“మూడో దాంట్లో సన్నగీత ఒకటి ఉండాది, వెంట్రుక మాదిరి…”

“ఆగు మేస్త్రీ!” అని అరిచాను. గుడ్డలోంచి ఒక పిస్టను తీసి, తిప్పి, ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని సిలిండరులోకి దించి చూశాడు. గీతకు గీత ఎదురుగా వచ్చి నిలిచింది.

అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. “నాలుగిట్లో ఆయిలు ఎక్కువ తాగింది ఏది?” అని అడిగాను. మేస్త్రీ ఇంజనులోంచి తీసిన ప్లగ్గుల్ని వరసగా ఒక చెక్కకు గుచ్చి పెట్టుకున్నాడు. చివరిది నూనెలో ముంచి తీసినట్టు నల్లగా ఉంది.

“నాలుగోది.”

“అట్లయితే ఈ పెద్దమనిషే నాలుగు. రెండు సాయంత్రాలు గీకినా దీన్ని.”

మేస్త్రీ దాన్ని నాలుగో సిలిండరులో దించి, పక్కన సన్నరేకు దూర్చి సందు కొలిచాడు. సరిపోయింది. మిగిలిన ఇద్దరు మర్యాదస్తుల్నీ అటూ ఇటూ మార్చి కొలిచాడు. ఒక విధంగా పెడితే ఒకటి వదులు, ఒకటి బిగువు. రెండోవిధంగా పెడితే రెండిటికీ సందు సమంగా వచ్చింది. బడిలో సంధులన్నీ నేనే చెబుతాను గానీ, ఇంత ఉత్కంఠతో ఏ సంధీ కుదరలేదు.

మేస్త్రీ చేతులు తుడుచుకున్నాడు. “ఇన్నేండ్లుగా సూస్తాండా అయ్యోరా, పిస్టన్ల మొగాలు గుర్తుపెట్టుకున్నోన్ని మిమ్మల్నే సూసినా.” అని, గుడ్డ భుజాన వేసుకుని, “పెట్టిన గుర్తులే ఉంచలేకపోయినారు” అన్నాడు. అప్పుడు నవ్వాడు. ట్రాక్టరాయన కూడా మళ్లీ నవ్వాడు. నేనూ నవ్వాను.

వారానికి బండి ఇంటికొచ్చింది. పొగ లేదు. పొగ పోయిన చోటికి నాలో పొగరు వచ్చి కూర్చుంది.

గృహప్రవేశం నాడు షడ్డకుడు తన కారులో ఆడవాళ్లందర్నీ ఎక్కించి, వాళ్లబ్బాయిని నడపమని చెప్పి, తాను పాత లుంగీ కట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పట్టుపంచె సంచిలో ఉంది. “తోసేటప్పుడు మాసిపోతాది కదప్పా” అన్నాడు.

బంగారుపాళ్యం దాటాం. ఘాటు మొదలైంది. గేరు తగ్గించాను. ఊపిరి కూడా తగ్గించాను. సగం ఎక్కాక ఎక్కడో టకటకా శబ్దం మొదలైంది. షడ్డకుడి ముఖం వెలిగిపోయింది.

“వచ్చె! వచ్చె సూడు శబ్దం!”

నా ప్రాణం మూడో సిలిండరులోకి జారిపోయింది. రెండు మలుపుల తర్వాత వెనక్కి చెయ్యి చాపి చూస్తే, అది వెనక సీటు మీద టిఫిన్ క్యారియరు మూత. దాన్ని బిగించాను. శబ్దం ఆగింది. బండి ఆగలేదు. అద్దంలో చూస్తే వెనక రోడ్డు తుడిచినట్టు శుభ్రంగా ఉంది, పొగ జాడే లేదు. పలమనేరులో మా ఆవిడ బండి చుట్టూ తిరిగి, సైలెన్సరు దగ్గర వంగి చూసి, “సరే, ఉండనీండి” అంది. అంతే. నాకు అది సన్మానపత్రం.

షడ్డకుడు మాత్రం ఓడిపోలేదు. పందిట్లో పంక్తి పంక్తికీ తిరిగి, ట్రాక్టరాయన నోట చిత్తూరంతా పాకిన కథ, పిస్టన్లకు నేను బొట్టు తీసేసిన కథ చెప్పాడు. మూడో పంక్తికి వంటాయన కూడా గరిటె పట్టుకుని నన్ను చూడ్డానికి వచ్చాడు.

సాయంత్రం ఆడవాళ్ల కారు ముందే వెళ్లిపోయింది. షడ్డకుడు నా పక్కన కూర్చుని, “తొందరగా పోనీ అప్పా, ఆరు గంటలకు మ్యాచి ఉండాది” అన్నాడు.

బయలుదేరాం. టమోటాల లారీ మమ్మల్ని దాటింది. గడ్డిమోపు కట్టుకున్న మోపెడ్ దాటింది. ఒక ట్రాక్టరు హారను కొట్టి మరీ దాటింది.

“ఏమప్పా, ఇంత నిదానమా?”

“కొత్త రింగులు కదన్నా. కుదురుకునేదాకా తొందరపెట్టగూడదని మేస్త్రీ గట్టిగా చెప్పినాడు.”

మొదటి పిస్టను ఎలా కడిగానో మొగిలి దాకా చెప్పాను. రెండోది బంగారుపాళ్యం దాకా. రెండు సాయంత్రాలు పట్టిన పిస్టను కథ కొంచెం పెద్దది, చిత్తూరు పొలిమేర దాకా పట్టింది. ఆయన వాచీ చూసుకుంటూ, ఊ కొడుతూ, చివరికి ఊ కొట్టడం కూడా మానేశాడు. వాళ్లింటి ముందు దిగేసరికి లోపల టీవీలో అప్పటికే ఎవరో అవుటయ్యారు.

మేస్త్రీ చెప్పింది యాభై దాటవద్దని. నేను పలమనేరు నుంచి ముప్పై దాటలేదు.