తూటికాడ గట్టుకి జరిగిన మర్యాద

అమలాపురం కాలేజీలో జువాలజీ చెప్పే సుందరరావు గారు ఏళ్ల తరబడి కప్పల్ని కోశారు. ఒక్క కప్పయినా ఆయన పేరు నిలబెట్టలేదు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది, రాజోలు దారిలో సైకిలు పంక్చరై కాలవగట్టు మీద కూలబడ్డారు. ఎదురుగా తూటికాడ ఆకు మీద ఒక పురుగు. పసుపు వీపు, నల్ల చుక్కలు. చుక్కలున్న ప్రతిదాన్నీ అక్షింతల పురుగనేసి ఊరుకునే దేశం మనది. ఈయన ఊరుకోలేదు. అగ్గిపెట్టెలో వేసుకుని అపురూపంగా ఇంటికి తెచ్చారు.

"పిల్లకి సంబంధం తెమ్మంటే పురుగుని తెచ్చేరా!" అని భార్య విజయకుమారి మురిసిపోయింది.

పురుగు పోస్టులో హైదరాబాదు వెళ్లింది. అక్కడి నిపుణుడు జవాబు రాశాడు. ఇది అరుదైన ఆకు పురుగేనట. బతికున్నవాటిని, అవి బతికే చోటే తను వచ్చి కళ్లారా చూస్తే, తను రాసే వ్యాసంలో సుందరరావు గారి పేరు వేస్తాడట. ఇక ఆయన కాళ్లు నేల మీద ఆనలేదు. పాపం, జన్మకి ఆ మనిషి కోరుకున్నది అచ్చులో తన పేరు ఒక్కసారి.

ఆ గట్టు బంగారరాజు గారి పొలంలోది. రాజు గారికి మర్యాద ఎక్కువ. ఎవరేమడిగినా సగం వినకుండానే ఒప్పేసుకుంటారు.

"హైదరాబాదు నించి పెద్దాయన వస్తున్నారండి. గట్టు కాస్త జాగ్రత్తగా చూసుకోవాలండి."

"ఆయ్!"

"పురుగుల కోసమేనండీ ఇదంతా."

"ఆయ్! పురుగుల సంగతి నాకొదిలేయండి మాస్టారూ."

సుందరరావు గారు నిశ్చింతగా వదిలేశారు. చదువుకున్నవారు కదా.

నిపుణుడు జీపు దిగేసరికి గట్టు మీద పందిరి, పందిరి కింద కుర్చీలు, కుర్చీల పక్కన కొబ్బరిబొండాలు. తూటికాడ మాత్రం లేదు. గట్టు గట్టంతా పారతో నున్నగా చెక్కేసి, తెల్లటి పొడి చల్లి ఉంది. సుందరరావు గారు వంగి ఆ పొడి వేలితో తీసి చూశారు.

"గమేక్సిన్ అండీ," అన్నారు రాజు గారు గర్వంగా. "పెద్దవారొచ్చి కూర్చునే చోటు కదండీ. ఒక్క పురుగు కనబడితే నా పేరు బంగారరాజు కాదండి!"

అన్నమాట నిలబెట్టుకున్నారు మహానుభావుడు. నిపుణుడు ఎండలో గట్టు ఈ చివర నించి ఆ చివరికి వంగి వంగి వెతికాడు. తర్వాత నడుం పట్టుకుని సుందరరావు గారి వైపు తిరిగాడు.

"మీరు రాసిన చోటు ఇదేనాండీ?"

రాజు గారు బొండాం చెక్కించి, రెండు చేతులతో పట్టుకుని, నవ్వుతూ నిలబడి ఉన్నారు. ఆ మొహం చూసి కోప్పడటం ఎవరి తరం? సుందరరావు గారికి ఏడుపొచ్చింది. బొండాం అందుకున్నారు.

"ఆయ్," అన్నారు.