కేసు మీద మెరిసే గీత

కోవిడ్ గోల సద్దుమణిగిన ఏడాది. మడివాళ దగ్గరున్న మా తుపాకుల రిపేరు షాపుకి ఓబులేసు వచ్చాడు. నగల దుకాణంలో గన్‌మ్యాన్, ఊరు హిందూపురం వైపు, కాపురం ఆనేకల్‌లో. సొంత రైఫిల్, లైసెన్సు ఉంటేనే ఆ ఉద్యోగం. మర్నాడే ఫైరింగ్ పరీక్ష. రైఫిల్ బాగుందని నా సంతకం కావాలి.

"బోల్ట్ రవ్వంత లూజుగా ఉండాది, అంతే. సంతకం పెట్టియ్యప్పా."

"ముందు ఖాళీ కేసులు చూపించు," అన్నాను.

కేస్ అంటే తూటా ఇత్తడి గొట్టం. దాని అడుగున బొట్టుబిళ్లంత ప్రైమర్ ఉంటుంది. పిన్ను కొడితే నిప్పు పుట్టేది అక్కడే. ఓబులేసు జేబులోంచి కేసులు తీసి అడుగులు చూపించాడు.

"పిన్ను దెబ్బ నడిమధ్యనే పడుండాది. ఇంకేం గావాల?"

నిజమే, ప్రైమర్లు చక్కగా ఉన్నాయి. మోసమంతా అక్కడే. తూటా పేలగానే ఇత్తడి ఉబ్బి, తాను కూర్చున్న గూడు, అంటే ఛాంబర్ గోడని కరుచుకుంటుంది. కేసుకీ, దాన్ని వెనకనుంచి మూసి పట్టే బోల్టుకీ మధ్య ఖాళీ ఎక్కువుంటే మొదట ప్రైమర్ బయటికి జరుగుతుంది. ఆ వెంటనే కేసు వెనక భాగం సాగి బోల్టుకి ఆనుతుంది, ప్రైమర్ మళ్లీ గూట్లోకి సర్దుకుంటుంది. అడుగు చూస్తే ఏమీ తెలియదు. ఆ ఖాళీని మేం హెడ్‌స్పేస్ అంటాం. కేసుని పక్కకి తిప్పాను. అడుగుకి కాస్త పైన, చుట్టూ మెరిసే గీత.

"దీన్ని ఇక కాల్చొద్దు."

"ఎన్నేండ్లుగానో పేలుతానే ఉండాదే! సంతకం పెట్టకుంటే నా నౌకరీ పోతాది. నీదేం పోతాది?"

నాకూ ఒళ్లు మండింది. మాటలెందుకని ఒక కేసుని నిలువునా రంపంతో కోసి చేతిలో పెట్టాను. గీత ఉన్నచోట గోడ ఉల్లిపొరంత పలచబడింది.

"ఇది తెగితే మంట ఎటొస్తుంది?"

ఓబులేసు గోటితో ఆ పొరని తడిమాడు. చెయ్యి దానంతటదే కుడి కంటి మీదికి పోయింది. రైఫిల్ నా బల్ల మీద వదిలి వెళ్లిపోయాడు.

నేనెంత తిరిగినా దానికి విడిభాగాలు దొరకలేదు. అతని ఉద్యోగం పోయింది. తప్పు చేయలేదని తెలిసినా చాలా రోజులు నాకు అన్నం సహించలేదు.

ఆ తర్వాతెప్పుడో కె.ఆర్.పురంలో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కనిపించాడు, చేతిలో లాఠీతో.

"నా పోస్టు పీకిచ్చినోడు వచ్చినాడు చూడప్పా!" అన్నాడు తోటి గార్డుతో. నాకు మొహం చెల్లలేదు.

పక్కకి పిలిచి, గొంతు తగ్గించి అన్నాడు: "ఆ పొద్దు నువ్వు సంతకం పెట్టుంటే, నేను దాన్ని కాల్చేసుందును."

రిపేరు అంటే చేతిపని అనే అనుకునేవాణ్ణి. మేం పెట్టే సంతకాన్ని నమ్మి ఒక మనిషి తుపాకీకి చెంప ఆనిస్తాడు.