లేని జడ

మాట్లాడుతూ మాట్లాడుతూ జడ వెనక్కి విసరడం ఆ అమ్మాయికి అలవాటు. మా అమ్మ స్నేహితురాలి కూతురు. మేముండే పాపకూర అనే ఊళ్లో వాళ్లదీ మా వీధే. మిలటరీ అకాడమీ సమ్మర్ క్యాంపుకి అప్లై చేసి, రిజల్ట్ రాకముందే, నడుం దాకా ఉన్న జడ కోయించేసుకుంది. తీరా వాళ్లు తీసుకోలేదు.

ఆ ఆదివారం వాళ్లింట్లో భోజనాలు. ఆంటీలందరూ ఆమె చుట్టూ చేరారు.

“అయ్యో, బంగారంలాంటి జడ! అనవసరంగా కోసేసుకున్నావు కదే!”

“రన్నింగ్‌లో స్లో అయిపోయా ఆంటీ, అందుకే సెలెక్ట్ చెయ్యలేదు. నెక్స్ట్ ఇయర్ మళ్లీ ట్రై చేస్తా. ఇంకొంచెం పులిహోర వేస్తారా?” అంటూ లేని జడను చేత్తో వెనక్కి విసిరింది. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా తనే నవ్వింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ క్యాంపుకి నన్నూ తీసుకోలేదు. నేను అప్లై చేసిన సంగతి నాన్నకు తప్ప ఎవరికీ తెలియదు కాబట్టి, నన్ను అయ్యో అన్నవాళ్లు లేరు. అయినా పులిహోర ప్లేట్లోనే వదిలేసి లేచాను.

ఇంటికొచ్చి, అద్దం ముందు నిలబడి నా జడ వెనక్కి విసిరి చూసుకున్నాను. ఎన్నిసార్లు విసిరినా, ఆమె లేని జడను విసిరినంత దర్జాగా రాలేదు.