పెళ్ళికూతురి బదులు ఎండను తీసిన ఏడాది

నాలుగు రోజులుగా సిరిసిల్ల మీద ముసురు పట్టి ఉంది. అయినా పొద్దున ఏడింటికల్లా డాబా మీది రేకుల కింద కుర్చీ వేసుకొని, తూర్పు ముఖంగా ఓ అరగంట కూర్చుంటున్నాను. కింది వాటాలో కొత్తగా దిగిన కోడలుపిల్ల నిన్న బట్టలు ఆరేయడానికి వచ్చి, "ఎండనే లేదు గదా తాతా, గిక్కడ ఏం జూస్తున్నవ్?" అని అడిగింది. మబ్బు పట్టినా బయటి వెలుతురు ఇంట్లో బల్బుకంటే ఎక్కువేనమ్మా అని చెప్పాను గానీ, ఆ మాట నాకు మొదట చెప్పిన డాక్టరూ, ఆయన దగ్గరికి నన్ను తీసుకుపోయిన మా బావా పొద్దంతా మనసులోనే తిరిగారు.

మాది కోరుట్ల. అక్కను జగిత్యాలలో ఇచ్చారు. బావకు అక్కడ ఫోటో స్టూడియో ఉండేది. ఇంటరు తప్పిన నేను పని నేర్చుకోవడానికి ఆయన దగ్గర చేరాను. రీలు కెమెరాల కాలమది, మీలో చాలామంది పెళ్ళి ఫోటోలు అలాంటి చీకటి గదుల్లో రీళ్ళు కడిగితే వచ్చినవే అయి ఉంటాయి. నా ఇరవైమూడో ఏట, ఫాల్గుణం వచ్చి పొద్దు పెరుగుతున్నకొద్దీ నాకు నిద్ర తగ్గిపోయింది. మూడు గంటలు పడుకున్నా అలసట తెలిసేది కాదు, మాటకు మాట అడ్డం వచ్చేది, లోకంలోని వెలుగంతా నాకోసమే కాస్తున్నట్టు ఉండేది. ఆ ఊపులోనే వెల్గటూరులో ఒక పెళ్ళికి ఒంటరిగా వెళ్ళి, తలంబ్రాల వేళకు పందిట్లో ఉండకుండా గోదావరి ఒడ్డుకు పోయి, నీళ్ళ మీది ఎండను తీస్తూ తెచ్చుకున్న రీళ్ళన్నీ ఖాళీ చేశాను. బావ కడిగి చూస్తే ఏ ఫోటోలోనూ పెళ్ళికూతురు లేదు. పెళ్ళికొడుకు పది రోజుల్లో దుబాయి వెళ్ళిపోవలసినవాడు. పిల్ల తండ్రి వచ్చి, "నా బిడ్డ ఏం జూసుకుంట దినాలు గడపాలె?" అని అడిగితే, బావ చేతులు జోడించి నిలబడ్డాడు తప్ప నన్ను ముందుకు తోయలేదు.

వానలు పడేసరికి అదే నేను మంచం దిగలేకపోయాను. గోడవైపు తిరిగి పడుకున్న నాకు ముద్దలు కలిపి తినిపిస్తూ, అక్క ఒకరోజు బావతో, "పోయినేడు గూడ గిట్లనే ఐండు. ఎండలకు లేశిండు, వానలకు పడ్డడు" అన్నది. బావ నన్ను కరీంనగర్ తీసుకుపోతే, డాక్టరు ఆ మాట విని, అన్నిటికంటే ముందు దాన్నే చీటీ మీద రాసుకున్నాడు. ఆ ఊపూ ఈ కుంగుబాటూ ఒకే జబ్బని దాని పేరు చెప్పి, మాత్రలూ రక్తపరీక్షలూ రాసి, వెలుతురు మందుకు తోడే గాని మందు కాదని పదేపదే హెచ్చరించాడు. వానల్లో, చలికాలంలో పొద్దుటి వెలుగు కొద్దికొద్దిగా అలవాటు చేసుకోమన్నాడు. నిద్ర తగ్గిందా, వెలుగులో కూర్చోవడం మానేసి వెంటనే రమ్మన్నాడు. ఎండలు ముదిరే నెలల్లో మాత్రం సందెవేళకే దీపాలు తగ్గించి, వేళకు పడుకోవాలన్నాడు.

బావ స్టూడియో పనినే ఆ మాటల ప్రకారం మార్చేశాడు. శివరాత్రి దాటితే పెళ్ళిళ్ళకు తాను పోయి, ప్రింట్లు కడిగే పని నాకిచ్చేవాడు. ముసురు రోజుల్లో నెగెటివ్‌లకు పెన్సిలుతో మెరుగులు దిద్దే బల్లను కిటికీ దగ్గరికి జరిపేవాడు. మొదటి వేసవిలో నన్ను చీకట్లో బంధించావని ఆయన మీద అరిచాను. ఆయన తలుపు తీసి పెట్టి, అక్కడే స్టూలు వేసుకొని కూర్చున్నాడు.

రెండేళ్ళకు ఆ వెల్గటూరు జంట, అతను సెలవు మీద వచ్చినప్పుడు, పెళ్ళిబట్టలు కట్టుకొని స్టూడియోకు వచ్చారు. బావ కెమెరా నా చేతికిచ్చాడు. నేను లెన్సును మళ్ళీ మళ్ళీ తుడవడం చూసి ఆ అమ్మాయి, "గీసారైన నన్ను తియ్యి అన్నా, గోదారి యాడికి వోదు" అని నవ్వింది. అందరం నవ్వాం. ఆ నవ్వులోనే తీశాను. ఎంతో బాగా వచ్చింది.

తరువాత సిరిసిల్లలో సొంతంగా స్టూడియో పెట్టుకున్నాను, నాకూ పెళ్ళయింది. రెండుసార్లు మళ్ళీ కుంగాను గానీ, మునుపటంత లోతుకు పోలేదు. బావ పోయి ఆరేళ్ళయింది. అప్పట్లో నేను కనబడని రోజుల్లో స్టూడియోకు వచ్చిన గిరాకీలు అడిగితే, చుట్టాలింటికి పోయాడని చెప్పేవాడు. జబ్బు సంగతి తెలిస్తే నాకు పిల్లనివ్వరని ఆయన భయం. ఇప్పటి పిల్లలు ఆస్పత్రి వరండాలో కూర్చొని, షుగరూ బీపీ అన్నట్టే దాని పేరు చెప్పుకుంటున్నారు. వాళ్ళను చూసే నాకూ ధైర్యం వచ్చింది. కానీ నలుగురిలో మొదటిసారి ఆ పేరు నా నోటితో నేను పలికిన రోజున, పక్కన నిలబడి వినడానికి బావ లేడు.