ఒక్క మావగారు, ముగ్గురు మనుషులు

మా మావగారు ఒక్కరు కాదు, ముగ్గురు. కంగారు పడకండి, నేను చేసుకున్నది ఒక్క పెళ్ళే. ఆ పెళ్ళితో వచ్చిన మావగారే ముగ్గురు. ఒకాయన పళ్ళ డాక్టరు, ఒకాయన ఇంటి పెద్ద, ఇంకొకాయన వరండాలో కూర్చుని చదరంగం ఆడుకునే పెద్దమనిషి. ముగ్గురిదీ ఒకటే ముక్కు, ఒకటే బట్టతల, ఒకటే కళ్ళజోడు. కాని ఒకరి సంగతి ఒకరికి పట్టదు, ఒకరికి చెప్పిన మాట ఇంకొకరికి చేరదు. వీధిలో వాళ్ళంతా చాటుగా ఆయన్ని 'ముగ్గురాయన' అనేవారు.

ఇల్లు చిన్నదే. ముందు వరండా, అది దాటితే క్లినిక్, క్లినిక్ వెనక తలుపు తీస్తే ఇల్లు. తెల్లకోటు వేసుకుంటే డాక్టరు. కోటు విప్పేసి చేతుల్లేని బనీనుతో వెనక తలుపు దాటితే ఇంటి మనిషి. గళ్ళచొక్కా తొడుక్కుని వరండాలో పేము కుర్చీలో కూలబడితే మూడో ఆయన. "పని వేళకి పని, ఇంటి వేళకి ఇల్లు, ఆట వేళకి ఆట. కలిపావో, మూడూ చెడతాయి." ఇదొక్కటే ముగ్గురూ ఒప్పుకునే మాట.

నేను కాపురానికొచ్చిన కొత్తలో, ఓ సాయంత్రం ఒకాయన వాచిపోయిన దవడ పట్టుకుని వరండా మెట్లెక్కాడు. మావగారు చదరంగం బల్ల ముందు ఉన్నారు.

"డాక్టరుగారూ, ప్రాణం పోతోందండీ!"

"అయ్యో పాపం! కూర్చోండి, కూర్చోండి. డాక్టరుగారు లోపల ఉన్నారేమో చూసొస్తాను."

లోపలికెళ్ళారు. గళ్ళచొక్కా విప్పారు, కోటు వేసుకున్నారు, క్లినిక్ తలుపు తీశారు. "రండి రండి. ఏమిటి బాధ?"

"ఇందాకే చెప్పాను కదండీ!"

"వరండాలో ఆయనకి చెప్పుంటారు. ఆయనకేం తెలుసు పళ్ళ సంగతి? నాకు చెప్పండి."

ఆ ఆశ్చర్యంలో ఆయన తెరిచిన నోరు మళ్ళీ మూసుకోనే లేదు. డాక్టరుకి పని సులువైంది. పన్ను పీకించుకుని బయటికొచ్చేసరికి మళ్ళీ గళ్ళచొక్కాలో మావగారు ఎదురొచ్చారు. "పీకేశారా? నొప్పెట్టిందా? ఆ డాక్టరు చెయ్యి కాస్త బరువంటారు. మనిషి మాత్రం మంచివాడేలెండి." పాపం ఆయన దూది నొక్కి పట్టుకున్న నోటితోనే దణ్ణం పెట్టి, వెనక్కి వెనక్కి చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

రోజూ చదరంగానికి వచ్చేది పక్కింటి రిటైరైన పోస్టుమాస్టరుగారు. ఆయన కట్టుడు పళ్ళు మావగారు కట్టినవే. ఓ రోజు గెలవబోతున్న ఆనందంలో గట్టిగా నవ్వారేమో, పై వరస జారి బల్ల మీద ఏనుగు పక్కన పడింది. తీసి చేతిలో పట్టుకుని, "కాస్త బిగించండీ" అన్నారు. "నాకేం చేతనవుతుందండీ? లోపల డాక్టరుకి చూపించుకోండి" అన్నారు మావగారు. ఇద్దరూ లేచి లోపలికి వెళ్ళారు. డాక్టరుగారు పళ్ళు బిగించి పంపారు. మళ్ళీ ఇద్దరూ వచ్చి బల్ల ముందు కూర్చున్నాక మావగారు వంగి పోస్టుమాస్టరుగారి నోట్లోకి తొంగిచూశారు. "ఫర్వాలేదే, బాగానే బిగించాడు!"

అత్తయ్యగారికి ఈ నాటకం కొట్టిన పిండి. ఓసారి బీరువా తాళంచెవి కోసం వెతికి వెతికి, వెనక తలుపు తీసి క్లినిక్‌లోకి తొంగిచూశారు. అప్పుడు డాక్టరుగారి వేళ.

"కూర్చోండమ్మా. ఏ పన్ను?" అన్నారు ఆయన, తల ఎత్తకుండానే.

"జ్ఞానదంతం, డాక్టరుగారూ. నాది కాదు, మా ఆయనది. ఈ వయసుకి కూడా మొలవలేదు. తాళంచెవి మాత్రం మీ కోటు జేబులో ఉంది, ఇటివ్వండి."

బయట కూర్చున్న పేషెంట్లు నొప్పి మరిచిపోయి నవ్వారు. డాక్టరుగారు మాత్రం గంభీరంగా తాళంచెవి ఇచ్చి, "మీ ఆయన్ని ఓసారి తీసుకురండి, చూద్దాం" అన్నారు.

నేనూ పళ్ళ డాక్టర్నే. పెళ్ళయ్యాక కొన్నాళ్ళకి ఆ క్లినిక్‌లోనే చేరాను. పొద్దున ఆయన, సాయంత్రం నేను. క్లినిక్‌లో ఆయన నన్ను "డాక్టరుగారూ, మీరు" అనేవారు. తలుపు దాటి ఇంట్లోకి వస్తే "అమ్మాయ్, నువ్వు". వరండాలోనైతే "ఏం తల్లీ, ఎత్తు వెయ్యడం వచ్చా?" మొదట్లో నవ్వాపుకోలేక చచ్చేదాన్ని. తరవాత అలవాటైపోయి, నేనూ ముగ్గురికీ మూడు రకాలుగా సమాధానం చెప్పడం నేర్చుకున్నాను.

అలా సాఫీగా సాగుతుండగా మా ఇంట్లో పాప పుట్టింది. మా ఆయన రైలింజను నడుపుతారు. ఏ పూట ఏ స్టేషన్లో ఉంటారో ఆయనకే తెలియదు. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు, పాపని ఎత్తుకుని తిప్పలేరు. నేను మళ్ళీ సాయంత్రాలు క్లినిక్‌కి వెళ్ళడం మొదలుపెట్టగానే నా బతుకు రెండు పడవల మీద కాళ్ళు పెట్టినట్టయింది. ఇక్కడ డ్రిల్లు చప్పుడు, తలుపవతల పాప ఏడుపు. ఓ రోజు బుర్రమీసాల కానిస్టేబులొకాయన కుర్చీలో కూర్చుని నోరు తెరవడానికి భయపడుతుంటే, పరధ్యానంలో "ఆ... అను, మా బంగారం కదూ, మా బుజ్జి కదూ" అన్నాను. ఆయన బుద్ధిగా "ఆ..." అన్నాడు. ఆ రాత్రి పాపకి పాలు పట్టి మూతి తుడుస్తూ, "ఉమ్మేసి వెళ్ళండి" అన్నాను. ఇంటి దగ్గర పేషెంట్లు, పేషెంట్ల దగ్గర పాప. నాదంటూ ఒక్క క్షణం లేదు. అన్నేళ్ళు కష్టపడి చదువుకున్న చదువు వదులుకోవాలంటే గుండె కలుక్కుమంది. అయినా ఇక నా వల్ల కాదనుకున్నాను, మానేద్దామని నిశ్చయించుకున్నాను.

పొద్దున్నే క్లినిక్‌లోకి వెళ్ళి చెప్పాను. "డాక్టరుగారూ, ఇంట్లో పాపతో కుదరడం లేదు, నేనింక రాలేను. మానేస్తున్నాను."

ఆయన చేతులు కడుక్కుంటూ శ్రద్ధగా విన్నారు. "మీ పనిలో లోపమేమీ లేదే! ఇబ్బంది ఇంట్లో అంటున్నారు. ఇంటి సంగతి ఇక్కడ నేనెలా తేలుస్తానండీ? మీ మావగారితో మాట్లాడండి. కాస్త చాదస్తం మనిషే, కాని వింటాడు."

మధ్యాహ్నం ఇంట్లో పట్టుకున్నాను. బనీనుతో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. "మావయ్యా, నేను క్లినిక్ మానేస్తున్నాను."

"అమ్మాయ్, క్లినిక్ గొడవలు ఆ గుమ్మం అవతలే. ఆ డాక్టరు వ్యవహారాల్లో నేనెప్పుడైనా వేలు పెట్టానా? ఇంతకీ పాప పాలు తాగిందా?"

సాయంత్రం వరండాలోకి వెళ్ళాను. గుర్రం చేత్తో పట్టుకుని ఆలోచిస్తున్నారు. "మావయ్యా, మీరైనా వినండి."

"అయ్యో తల్లీ, పనీపాటా లేకుండా కూర్చున్నవాణ్ణి పట్టుకుని ఉద్యోగం గురించి అడుగుతావేం? అయినా ఒకటి చెప్తాను, నేనన్నానని అనకు. లోపల డాక్టరున్నాడే, నీ చెయ్యి చూసి మురిసిపోతుంటాడు. నా చెయ్యి కంటే తేలికయ్యా అని లోపల ఎవరితోనో అంటుంటే చెవిన పడింది."

మర్నాడు మళ్ళీ డాక్టరు, మళ్ళీ ఇల్లు, మళ్ళీ వరండా. గవర్నమెంటు ఆఫీసులో కాగితానికైనా ఎక్కడో ఓ చోట సంతకం పడుతుంది, నా రాజీనామాకి పడలేదు. చివరికి నాకు ఒళ్ళు మండిపోయింది. వరండాలో నిలబడి, పోస్టుమాస్టరుగారు వింటున్నారని కూడా చూడకుండా అరిచేశాను. "మీరు ముగ్గురూ కూడబలుక్కుని నన్నాడిస్తున్నారు!"

"కూడబలుక్కోవడమా? మేం ముగ్గురం ఇంతవరకూ ఒక్కసారైనా కలుసుకోలేదు తల్లీ!" అన్నారు మావగారు, నిజంగానే నొచ్చుకున్నట్టు మొహం పెట్టి.

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఏడుపే గెలిచింది. ఆయన చేతిలో గుర్రం కింద పెట్టేశారు.

మర్నాడు సాయంత్రం క్లినిక్‌కి వెళ్తూ చూస్తే వరండాలో గళ్ళచొక్కా లేదు. పేము కుర్చీ ఖాళీ. బల్ల మడిచి గోడకి ఆనించి ఉంది. వెనక తలుపు దగ్గర బనీనుతో, భుజాన పాపతో, నోటితో రైలు కూతలు కూస్తూ మావగారు. వేళ కాని వేళ ఇంటి మనిషి! పోస్టుమాస్టరుగారు వచ్చి కంగారుగా తొంగిచూశారు. "ఏరండీ ఆయన?"

"ఊరెళ్ళాడండీ" అన్నారు మావగారు.

"ఎప్పుడొస్తాడు?"

"చెప్పలేం. పిల్ల కాస్త పెద్దదయ్యేదాకా రాకపోవచ్చు."

ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు. ఆ ఊరెళ్ళినాయన తిరిగి రాలేదు. తలుపవతల ఏడుపు ఆగిపోయి రైలు కూతలు వినిపిస్తుంటే, నా చేతికి మళ్ళీ నిలకడ వచ్చింది. పేషెంట్లయిపోయి నేను పాప కోసం చెయ్యి చాపితే మాత్రం ఇచ్చేవారు కాదు. "అప్పుడేనా? వరండాలో కుర్చీ ఖాళీగానే ఉంది. కాసేపు కూర్చునిరా. ఊరెళ్ళేముందు ఆయన నీకివ్వమనే చెప్పాడు." నేను వెళ్ళి కూర్చునేదాన్ని. పోస్టుమాస్టరుగారు నాకు ఎత్తులు నేర్పుతూ, నేర్పుతూనే నిర్దయగా ఓడించేవారు. ఓడిపోవడం అంత హాయిగా ఉంటుందని నాకంతకుముందు తెలియదు.

ఓ రోజు ఉండబట్టలేక అత్తయ్యని అడిగాను. "మావయ్య చదరంగం మానేశారంటే నమ్మలేకపోతున్నాను."

"జ్వరమొచ్చినా మానని మనిషే" అన్నారు అత్తయ్య, మోకాలికి కాపడం పెట్టుకుంటూ. "నీ మొగుడు పుట్టినప్పుడు ఈయన ఒక్కడేనే. పొద్దుగూకులూ డాక్టరే. అన్నం దగ్గరా డాక్టరే, మంచం మీదా డాక్టరే. నేనప్పుడు బళ్ళో లెక్కలు చెప్పేదాన్ని. నా వల్ల కాదు, మానేస్తానన్నాను. తల ఎత్తకుండా, సరే నీ ఇష్టం అన్నాడు. మానేశాను. చాన్నాళ్ళకి ఓ రోజు పక్కింటి పిల్లలకి నేను లెక్కలు చెప్తుంటే గుమ్మంలో నిలబడి చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, మర్నాటి నుంచి ముగ్గురయ్యాడు. డాక్టరుని గది దాటి రానివ్వలేదు."

కాపడం గుడ్డ మడిచి పక్కన పెట్టారు. "అప్పుడు నాతో మానకు అనడానికి ఒక్కడూ లేకపోయాడు. ఇప్పుడు నీ దగ్గర ముగ్గురూ అడ్డం పడ్డారు. అంతే."

వెళ్ళి ఆవిడ మోకాలికి నేనే కాపడం పెడుతూ కూర్చున్నాను.

ఆ తరవాత కొన్నాళ్ళకి, సాయంత్రం క్లినిక్ కిటకిటలాడుతోంది. కుర్చీలో నా బుర్రమీసాల కానిస్టేబులే ఉన్నాడు. వెనక తలుపు దభాలున తెరుచుకుంది. చేతుల్లేని బనీనుతో, చంకలో పాపతో, ఎన్నేళ్ళుగానో ముగ్గురిలో డాక్టరుని తప్ప ఇంకెవర్నీ రానివ్వని ఆ గదిలోకి ఇంటి మనిషి దూసుకొచ్చేశాడు.

"పన్ను! పన్నమ్మా! కింద వరసలో! వేలికి తగిలింది!"

బయట బెంచీ మీద వాళ్ళందరూ లేచి నిలబడ్డారు. అప్పటికిగాని ఆయనకి తానెక్కడున్నదీ తెలియలేదు. ఒంటి మీది బనీను చూసుకున్నారు, గది చూసుకున్నారు, గోడకి వేలాడుతున్న తెల్లకోటు వంక చూశారు. కోటు వేసుకోవాలంటే పాపని దింపాలి. దింపలేదు. గొంతు సవరించుకుని, పేషెంటు అడిగినట్టు వినయంగా అడిగారు.

"డాక్టరుగారు ఉన్నారామ్మా?"

"ఉన్నారు మావయ్యా. నేనే. రండి."

కానిస్టేబులు తనంతట తానే లేచి కుర్చీ ఖాళీ చేశాడు. మావగారు పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను దీపం వంచి చూశాను. నిజమే, చిగురు మీద తెల్లగా, బియ్యపుగింజలో సగమంత. నా కూతురి మొదటి పన్ను నా క్లినిక్‌లో నేనే చూశాను. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అందరూ ఉన్నారని కూడా అనుకోకుండా ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"ఇన్నాళ్ళనించీ చెప్పాలనుకుంటున్నాను మావయ్యా, చాలా థ్యాంక్స్. కాని మీలో ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకున్నాను."

ఆయన పాప మూతి తుడుస్తూ, తల ఎత్తి నన్ను చూసి నవ్వారు.

"ఒక్కసారి చెప్పావుగా అమ్మా, చాలు. ముగ్గురం పంచుకుంటాంలే."