ఇంగ్లీషులోకి రాని ఎలుగుబంటి

ఎండిన ఇప్పపువ్వు వాసన ఎక్కడ తగిలినా ఇప్పటికీ నా ఛాతీ ఉబ్బుతుంది. చిన్నప్పుడు అడవిలో ఒంటరిగా నిలబడి, ఒట్టి చూపుతో ఎలుగుబంటిని వెనక్కి పంపినవాణ్ణి మరి! మొన్న మణుగూరు సంతలో ఒకామె గంప దగ్గర ఆ వాసన తగిలితే, ఇంటికొచ్చి కథంతా రాసేశాను. ఖమ్మంలో డిగ్రీ చదివే మా మనవరాలు గ్రేసుకు, ఇంట్లో పెద్దవాళ్ల జ్ఞాపకం ఒకటి ఇంగ్లీషులోకి మార్చి క్లాసులో చదవమని చెప్పారట.

ఎండాకాలం మొదట్లో, ఎండుటాకులు కాల్చిన నల్లటి నేల మీద, తెల్లవారేసరికి పువ్వు ఎవరో పాలపళ్లు పారబోసినట్టు రాలి ఉండేది. అరికాళ్లకు జిగురు, ముక్కుకు పొగా తీపీ కలిసిన వాసన. అమ్మ ఆ పువ్వు ఎండబెట్టి, వేయించి, నువ్వులు కలిపి దంచి ముద్దలు కట్టేది. మా అక్క సారమ్మ తన ముద్ద కూడా నా చేతిలోనే పెట్టేది. ఆమెకు తీపి పడదనుకునేవాణ్ణి.

రెండు బుట్టల పువ్వుతో ఇంటికొచ్చానని నేను రాసిన వాక్యం దగ్గర గ్రేసు ఆగిపోయింది.

"తాతా, ఇది ఎట్ల తిప్పినా ఇంగ్లీషుల కూసుంటలేదు. ఒక్కనివే పోయినవ్ గదా, ఇంటికి రెండు బుట్టలు వచ్చుడేంది?"

సాయం చేయబోయాను. బుట్టలు చిన్నవన్నాను, ఎలుగు పెద్దదన్నాను. రాసింది, కొట్టేసింది.

"నిజం చెప్పు తాతా. అందరి ముందు నిలబడి సదివేది నేను. నవ్వుతరు."

చెప్పాను. రెండో బుట్ట అక్కది. నేను ఎలుగు వైపు చూడనే లేదు. కళ్లు మూసుకొని నిక్కరు తడుపుకున్నాను. అక్కే మండే కొమ్మ పట్టుకొని ఎలుగును తరిమింది.

గ్రేసు సంబరంగా రెండు ముక్కలు రాసి మళ్లీ ఆగింది. "కండ్లు మూసుకుంటే అక్క తరుముడు ఎట్ల కనబడ్డది?"

"తెరిచేసరికి అక్క నన్ను పట్టుకొని ఏడుస్తున్నదే! ఇంకెవరు తరుముతరు?"

ఇక సాయానికి వెనక వీధిలోని అక్క దగ్గరికే వెళ్లాం. మేం పువ్వేరిన ఆ ఇప్పచెట్టూ లేదు, ఆ కొండవాలూ లేదు. అక్కడిప్పుడు బొగ్గు తవ్విన గొయ్యి, లారీల దుమ్ము. ఆ తెల్లవారుజాము ఎరిగినవాళ్లం మేమిద్దరమే మిగిలాం.

అక్క మిరపకాయల తొడిమలు తీస్తూ అంతా విన్నది.

"నేనేడ తరిమిన్రా? నిన్ను ఆడనే ఇడిసిపెట్టి ఉరికిన. అది కడుపునిండ పువ్వు తిని, దానంతట అదే పోయింది. గప్పుడు వచ్చిన మల్ల."

గ్రేసు నా వైపు చూసింది. అక్క ఆమె చేతిలోని కాగితం చూపించింది.

"గట్లనే రాయి బిడ్డా. అక్క ఉరికింది అని రాయి."

ఆ వాక్యం ఒక్కసారికే ఇంగ్లీషులో కూర్చుంది. అక్క మనసు కుదుటపడాలని, కాగితం మీది పై మాటలు గట్టిగా చదివాను, అక్కకు తీపి పడదు, తన ముద్ద నాకే పెట్టేది, అని.

"ఎవలు జెప్పిన్రురా నీకు? తీపంటే నాకు పానం. అది కొట్టెయ్."