పాలచెట్టు కింద గులకరాళ్ళు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో పొగాకు ఆరబెట్టే బ్యారన్ గది కింద మంట వేసే పని మా నాన్నది. లోపల వేడి తగ్గితే ఆకు రంగు చెడిపోతుంది, ఆకు చెడితే పని పోతుంది. లావు మొద్దులైతే నిదానంగా, ఒకే తీరున మండుతాయని మా వాళ్ళు ఊరి పక్క కొండ మీది ముసలి చెట్లనే వెతికి కొట్టేవాళ్ళు. చిన్న చెట్లను వదిలేస్తున్నాం కాబట్టి అడవికి ఏమీ కాదని వాళ్ళ నమ్మకం.

ఒక ఏడాదికి ముసలి చెట్లలో ఒక్క పాలచెట్టే మిగిలింది. ఎండాకాలం వస్తే పిల్లలమంతా పెదాలు అతుక్కుపోయేదాకా దాని పండ్లు తినేవాళ్ళం. నాన్న గొడ్డలి నూరడం చూసి ఏడుపు అందుకున్నాను.

"ఒక్క చెట్టేగా, దానికే ఏడుపేందే?" అన్నాడు నాన్న.

మా నాయనమ్మ వాదించలేదు. నన్నూ నాన్ననూ కొండకు తీసుకెళ్ళి, "మొక్క కనపడినప్పుడల్లా ఒక రాయి గౌను ఒళ్ళో వేసుకోవే" అని నాతో చెప్పింది. ముందు, నేను పుట్టకముందు కొట్టిన చెట్ల మోళ్ళ చుట్టూ తిప్పింది. అక్కడ నేల ఎండకు పెంకులా గట్టిపడింది. ముళ్ళతుమ్మ తప్ప పెద్దగా ఏమీ లేదు. ఎక్కడైనా మొలిచే తుమ్మ లెక్కలోకి రాదంది నాయనమ్మ. నా ఒళ్ళో మూడు రాళ్ళే పడ్డాయి. తర్వాత పాలచెట్టు నీడకు వెళ్ళాం. పిట్టలు తెచ్చి వేసిన గింజలు ఆ ఆకుల చెత్తలో ఎన్ని మొలిచాయో! పాల, బలుసు, ఊడుగ, వేప. రాళ్ళ బరువుకు నా గౌను కుట్టు ఊడిపోయింది.

ఆ రాళ్ళన్నీ నాన్న కాళ్ళ ముందు పోయించి, "ఇప్పుడు చెప్పరా, ఒక్క చెట్టేనా?" అంది నాయనమ్మ.

నాన్న "ముందు పిల్ల గౌను కుట్టమ్మా" అని, గొడ్డలి భుజాన వేసుకుని కొండ దిగాడు.

ఆ ఏడు బ్యారన్‌కు తుమ్మ, పత్తికట్టె వేశాం. పత్తికట్టె ఇట్టే మండిపోతుంది. అందుకని ఇంటిల్లిపాదీ వంతులు వేసుకుని పొయ్యి దగ్గర కూర్చున్నాం. ఆకు రంగు చెడలేదు.

ఈ వయసులో మనవరాలి దగ్గర అక్షరాలు నేర్చుకుని ఇది రాస్తుంటే, అరుగు మీది నుంచి ఆ కొండ కనపడుతోంది. మోళ్ళున్న వైపు ఇప్పటికీ తుమ్మ పొదలే. పాలచెట్టు వైపు చిట్టడవి. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా ముసలి చెట్టు మీద గొడ్డలి వెయ్యబోతే, ముందు నేను వంగి దాని కింద చూస్తాను.

"ఏం వెతుకుతున్నావత్తయ్యా?" అని కోడలు నవ్వుతుంది.

రాళ్ళు ఏరుకుంటున్నానంటాను.